ఆరు వారాలు ఆసుపత్రిలో ఉండలేనంటున్నాడు: సూది మత్తు, గుండె కవాటానికి ఇన్‌ఫెక్షన్. కర్నూలులో దారి చెప్పండి

ఆదోని అన్న | గురువారం, రాత్రి 10:40

మా తమ్ముడికి 26 ఏళ్లు. పత్తి మిల్లులో హమాలీ పని. భుజం నొప్పికని ఊళ్లో వేయించుకున్న సూదులతో మొదలై, నొప్పి మాత్రలు నూరి నీళ్లలో కలిపి నరంలోకి ఎక్కించుకునే దాకా వెళ్లాడు. ఇంట్లో మాకు తెలిసింది ఈ మధ్యనే. చలిజ్వరం పట్టుకుని వదలలేదు. మొదట టైఫాయిడ్ అన్నారు. తర్వాత ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మీద మచ్చలు చూసి క్షయ కావచ్చన్నారు. చివరికి కర్నూలు తీసుకొస్తే ఎకో (గుండె స్కాన్) చేసి, గుండె కుడివైపు కవాటం మీద ఇన్‌ఫెక్షన్ గడ్డ కట్టిందని, నాలుగు నుంచి ఆరు వారాలు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించాలని చెప్పారు.

జబ్బు సంగతి డాక్టర్లు చూసుకుంటారు. మనిషిని మంచం మీద నిలపడమే మా వల్ల కావడం లేదు. నిన్నటి నుంచి ఒళ్లంతా చెమటలు, కాళ్లు లాగడం, వాంతులు, విరేచనాలు. సంతకం పెట్టి వెళ్లిపోతానంటున్నాడు. "నాటకం, వాడికి మందు కావాలి" అని వార్డులో ఒకరు మా అమ్మ ముందే అన్నారు. మత్తు మాన్పించే కేంద్రానికి ఫోను చేస్తే ముందు జ్వరం తగ్గించుకుని రమ్మన్నారు. ఇక్కడేమో ముందు అలవాటు మానిపించమంటున్నారు. ఎవరి మాట వినాలి?

నిర్వాహకులు | గురువారం, రాత్రి 10:55

ఆసుపత్రి పేరు, వైద్యుల పేర్లు, మందుల మోతాదులు ఇక్కడ రాయవద్దు. రోగిని తిట్టే వ్యాఖ్యలు తీసేస్తాం. మిగతాది స్వేచ్ఛగా మాట్లాడుకోండి.

అనంత సిస్టరమ్మ | గురువారం, రాత్రి 11:10

బాబూ, నేను ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో పనిచేసి రిటైరైన నర్సును. అది నాటకం కాదు. ఒంటికి అలవాటైన మందు ఒక్కసారిగా ఆగితే శరీరం చేసే గొడవ అది, దాన్నే విత్‌డ్రాయల్ అంటారు. ఈ రాత్రికి చేయవలసింది చెబుతాను.

డ్యూటీ డాక్టరు దగ్గరికి వెళ్లి, తమ్ముడు ఏ మాత్ర వాడాడో, రోజుకు సుమారు ఎన్నో, చివరిసారి ఎప్పుడో దాచకుండా చెప్పండి. మద్యం, నిద్రమాత్రలు కూడా ఉంటే అదీ చెప్పండి. "విత్‌డ్రాయల్‌కు మందు రాయండి, మానసిక వైద్య విభాగానికి రెఫరెన్స్ పంపండి" అని ఈ మాటలతోనే అడగండి. కేసు షీటులో రాయించండి. నోటితో అడిగింది షిఫ్టు మారగానే గాలికి పోతుంది, రాసింది మిగులుతుంది.

అతను వెళ్లిపోతానంటే వాదించకండి. తెల్లారేదాకా ఆగమనండి. వెళ్లిపోయినవాళ్లలో ఎక్కువమంది రాత్రిపూటే వెళ్లడం నేను చూశాను. రాత్రి అడిగినవాటికి జవాబు చెప్పే పెద్ద డాక్టరు ఉండరు, బాధేమో రాత్రే ఎక్కువ. ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. అమ్మను కాసేపు పడుకోబెట్టి మీరు కూర్చోండి.

హంద్రీ ఒడ్డు | గురువారం, రాత్రి 11:48

జనరల్ మెడిసిన్ వైద్యుడిని, చదువు కర్నూలులోనే. సిస్టరమ్మ గారు చెప్పింది అక్షరాలా సరైనది. కొంచెం వివరంగా రాస్తాను, ఇది చదివే మరో ఇంటివారికి కూడా పనికొస్తుంది.

చర్మం మీది క్రిములు, ముఖ్యంగా స్టెఫైలోకాకస్ ఆరియస్, సూది వెంట నరంలోకి దిగుతాయి. నరాల్లోని రక్తం ముందు చేరేది గుండె కుడివైపుకే. అందుకే సూది మందు వాడేవారిలో ట్రైకస్పిడ్ కవాటానికి ఎక్కువగా పడుతుంది. అక్కడి గడ్డ నుంచి ముక్కలు విరిగి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. దగ్గు, ఛాతీ నొప్పి, ఎక్స్‌రేలో మచ్చలు వస్తాయి. మన జిల్లాల్లో ఆ మచ్చలు చూడగానే అందరికీ మొదట తట్టేది క్షయ. అంతకుముందు వైడాల్ పరీక్ష పాజిటివ్ వచ్చి టైఫాయిడ్ సూదులు పడి ఉంటాయి. వైడాల్ ఒక్కదాన్ని నమ్మి టైఫాయిడ్ అని తేల్చకూడదు. పైగా ఆ సూదులు పడ్డాక రక్తం కల్చర్‌కు (క్రిమిని పెంచి ఏదో గుర్తించే పరీక్షకు) పంపితే క్రిమి పెరగకపోవచ్చు. ఏ క్రిమో తెలియకపోతే ఏ మందు వాడాలో ఊహించుకోవలసిందే. సూది మందు అలవాటున్న మనిషికి జ్వరం వస్తే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే వేర్వేరు చోట్ల నుంచి రెండు మూడు సెట్ల రక్తం కల్చర్‌కు తీయాలి. ఈ ఒక్క పని జరగాలంటే ఆ అలవాటు సంగతి డాక్టరుకు తెలియాలి. తెలియాలంటే రోగి భయపడకుండా చెప్పాలి.

విత్‌డ్రాయల్ సంగతి. ఈ రకం (ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహా) నొప్పి మందులు ఆపిన కొన్ని గంటల్లో మొదలై, రెండు మూడు రోజులకు పతాక స్థాయికి చేరి, వారంలో చాలావరకు దిగుతుంది. దానికి బ్యుప్రినార్ఫిన్ అని నాలుక కింద పెట్టే మాత్ర ఉంది. దాన్ని విత్‌డ్రాయల్ లక్షణాలు కనిపించాకే మొదలుపెట్టాలి, తొందరపడితే బాధ ఇంకా పెరుగుతుంది. అది బయటి మందుల షాపులో దొరికేది కాదు, మానసిక వైద్య విభాగం ద్వారా రావాలి. అది వెంటనే అందకపోయినా క్లోనిడిన్ లాంటివి, వాంతులకు, విరేచనాలకు, ఒళ్లు నొప్పులకు మందులు ఏ వార్డులోనైనా ఉంటాయి. నిద్రమాత్రలు లేదా మద్యం కూడా ఒక్కసారిగా ఆగి ఉంటే మూర్ఛ రావచ్చు, దానికి వేరే చికిత్స. అందుకే దాచవద్దనడం.

ఇంకో మాట. క్షయ మందులు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే వాటిలో రిఫాంపిసిన్ ఉంటుంది. అది ఒంట్లో బ్యుప్రినార్ఫిన్‌ను త్వరగా కరిగించేస్తుంది. మాత్ర ఇచ్చినా బాధ తగ్గలేదంటే "మళ్లీ నాటకం" అనకుండా ముందు ఆ మందుల చీటీ చూడాలి.

రాజ్‌విహార్ సెంటర్ | శుక్రవారం, ఉదయం 6:30

అందరూ రోగిని జాలిగా చూస్తున్నారు, ఒక మాట నేనూ అంటాను. మా నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు మంచం కోసం వరండాలో పడుకోబెట్టాం. తన చేత్తో తాను పొడుచుకున్నవాడికి ఆరు వారాల మంచం, ఆరు వారాల ఖరీదైన మందు. బయటికొచ్చి మళ్లీ పొడుచుకోడని ఎవరు పూచీ?

అనంత సిస్టరమ్మ | శుక్రవారం, ఉదయం 7:05

మీ నాన్నగారికి మంచం దొరకకపోవడం తప్పే, కానీ ఆ తప్పు ఈ అబ్బాయి చేసింది కాదు. పొగతాగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాళ్లకూ, హెల్మెట్ లేకుండా పడినవాళ్లకూ నేను ఒకే చేత్తో సెలైన్ పెట్టాను. లెక్క కావాలంటే లెక్కే చెబుతాను. సగం చికిత్సతో పోయినవాడు కొన్నాళ్లకు ఇంతకంటే పాడై తిరిగొస్తాడు. అప్పుడు వార్డు మంచం చాలదు, ఐసీయూ కావాలి.

దేవుని కడప | శుక్రవారం, ఉదయం 8:20

రాజ్‌విహార్ అన్నగారికి జవాబు నేనిస్తే బాగుంటుంది. ఆ పొడుచుకున్నవాడిని నేనే. ఇప్పుడు మానేసి చాలాకాలమైంది, చిన్న సెల్‌ఫోన్ రిపేరు కొట్టు నడుపుకుంటున్నాను.

చేతి మీద చీముగడ్డతో ఆసుపత్రికి పోతే నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. నా మంచం దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. డ్రెస్సింగ్ చివరి వంతు నాది. నొప్పికి మందు అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకునేవారు. నాకు ఆకలి, వాంతులు, కాళ్లు లాగడం. బయట ఒక్క ఫోను చేస్తే అరగంటలో అన్నీ ఆగుతాయని తెలుసు. అలాంటప్పుడు ఆరు వారాలు అని చెబితే ఆరు సంవత్సరాలు అన్నట్టు వినిపిస్తుంది. పారిపోయాను. గజ్జల్లోని నరంలోకి ఎక్కించుకోవడం మొదలుపెట్టాను, అక్కడ వాపు వచ్చింది, కాలు నల్లబడింది. తర్వాత చేరిన చోట మానసిక వైద్యురాలు మొదటిరోజే వచ్చి "ముందు నీ ఒళ్లు నొప్పులు ఆపుదాం, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. అక్కడ ఉండగలిగాను.

ఆదోని అన్నా, తమ్ముడితో ఒక్క మాట చెప్పండి: ఆరు వారాల గురించి ఆలోచించవద్దు, రేపటి డ్రెస్సింగ్ దాకా ఉండమనండి.

అనంత సిస్టరమ్మ | శుక్రవారం, ఉదయం 8:41

గజ్జల వాపు అన్నారు కాబట్టి ఇది అందరూ చదవాలి. గజ్జల్లో వాపు గుండెతో పాటు కొట్టుకుంటూ ఉంటే అది చీముగడ్డ కాకపోవచ్చు. ధమని గోడ దెబ్బతిని ఉబ్బిన సంచి అయి ఉండవచ్చు. ఊళ్లో ఎవరితోనూ కోయించకండి, రక్తం ఆగదు. ముందు డాప్లర్ స్కాన్ (రక్తం పారే తీరు చూసేది), తర్వాత సర్జన్.

నల్లకోటు | శుక్రవారం, ఉదయం 10:15

కర్నూలు కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను. డాక్టరుకు చెబితే పోలీసులు వస్తారన్న భయం చాలామందికి ఉంది, దాని మీద నాలుగు మాటలు.

తాను మత్తు వాడానని రోగి తన వైద్యుడికి చెప్పుకోవడం నేరం కాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో (మత్తుమందుల చట్టం) 64ఎ అనే సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది పరిమాణం దగ్గరుందనో కేసు పడ్డ వ్యసనపరుడు తానుగా ముందుకొచ్చి ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపున్న సంస్థలో చికిత్స పొందితే, ఆ నేరాలకు ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. అమ్మినవాడికి, పెద్ద మొత్తంలో దొరికినవాడికి ఇది వర్తించదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద మత్తు వ్యసనం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా వస్తాయి. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి, గొలుసులతో కట్టడం నిషేధం. ఇది ఎందుకు చెబుతున్నానంటే, విసిగిపోయిన కుటుంబాలు "బలవంతంగా తీసుకెళ్లి ఆరు నెలలు గదిలో పెట్టి మాన్పిస్తాం" అనే చోట్లకు పిల్లలను పంపిస్తున్నాయి. రిజిస్ట్రేషన్ కాగితం చూడకుండా ఎక్కడా చేర్చకండి. గుండెకు ఇన్‌ఫెక్షన్ ఉన్నవాడిని అక్కడ పెడితే ప్రాణం పోతుంది.

ప్రొద్దుటూరు మందులంగడి | శుక్రవారం, మధ్యాహ్నం 2:30

మా వైపు మాట కూడా వినండి. పెంటజోసిన్, ట్రమడాల్, డయజెపామ్, బ్యుప్రినార్ఫిన్ అన్నీ హెచ్1 షెడ్యూలులో, అంటే కట్టడితో అమ్మవలసిన మందుల జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి ఆ పద్ధతి. డాక్టరు చీటీ ఉండాలి, ప్రత్యేక రిజిస్టరులో రోగి పేరు, డాక్టరు పేరు, ఎంత ఇచ్చామో రాయాలి, మూడేళ్లు దాచాలి. నిజాయితీగా రాసే కొట్టుకు ఆ కుర్రాళ్లు రారు. రాయని కొట్టు ఏదో వాళ్లకు బాగా తెలుసు.

మాత్ర నూరి ఎక్కించుకోవడం మీద ఒక సంగతి. మాత్రలో మందు కొంచెమే, మిగతాది టాల్క్, సెల్యులోజ్ వంటి పొడులు. కడుపులోకి పోతే ఏమీ కాదు. నరంలోకి పోతే ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని జీవితాంతం ఉంటాయి. బట్టతో వడగట్టినా క్రిములు పోవు.

సిరంజి విషయంలో నా తోటి వ్యాపారులతో నాకు గొడవే. కొత్త సిరంజి అడిగిన కుర్రాడిని తరిమేస్తే అతను మానేస్తాడని వాళ్ల నమ్మకం. అతను పక్కవాడి సిరంజి తీసుకుంటాడు.

రాజ్‌విహార్ సెంటర్ | శుక్రవారం, మధ్యాహ్నం 3:10

అయ్యా, సిరంజి చేతికిచ్చి పంపిస్తే ప్రోత్సహించడం కాదా?

ప్రొద్దుటూరు మందులంగడి | శుక్రవారం, మధ్యాహ్నం 3:22

ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో ప్రభుత్వమే స్వచ్ఛంద సంస్థల ద్వారా శుభ్రమైన సూదులు ఇప్పిస్తోంది, వాడినవి వెనక్కి తీసుకుంటోంది. ప్రోత్సహించాలని కాదు, హెచ్ఐవీ, హెపటైటిస్ సీ ఇంకొకరికి పాకకుండా.

నల్లకోటు | శుక్రవారం, మధ్యాహ్నం 3:40

2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 22వ సెక్షన్ ఆ పనికి రక్షణ ఇస్తుంది కూడా.

గండికోట గాలి | శుక్రవారం, సాయంత్రం 5:50

ఈ చర్చ చదువుతుంటే భయం వేసి అడుగుతున్నాను. మా ఆయనకూ ఈ సూదుల అలవాటు ఉండేది, మానేశానని చెబుతున్నారు. కొన్ని వారాలుగా నడుం నొప్పి, సాయంత్రమయ్యేసరికి జ్వరం. బరువు ఎత్తినందుకని మలాం రాస్తున్నాం. ఈరోజు పొద్దుటి నుంచి కాళ్లు తేలిపోతున్నాయంటున్నారు, మూత్రం సరిగ్గా రావడం లేదు. సోమవారం డాక్టరుకు చూపించమంటారా?

హంద్రీ ఒడ్డు | శుక్రవారం, సాయంత్రం 5:58

అమ్మా, సోమవారం దాకా ఆగకండి. ఇప్పుడే 108కి ఫోను చేయండి. వెన్నెముకలో చీము పట్టి నరాలను నొక్కుతూ ఉండవచ్చు. ఎంఆర్ఐ, సర్జన్ ఉన్న పెద్ద ఆసుపత్రికే తీసుకెళ్లమని చెప్పండి. అక్కడ మొదటి మాటగా "సూది మందు అలవాటు ఉండేది, జ్వరం ఉంది, కాళ్లలో బలం పోతోంది, మూత్రం రావడం లేదు" అని చెప్పండి. ఆలస్యమైతే పోయిన బలం తిరిగి రాకపోవచ్చు. బయలుదేరాక ఇక్కడ ఒక్క మాట రాయండి.

గండికోట గాలి | శుక్రవారం, సాయంత్రం 6:35

బయలుదేరాం. మా మరిది తోడున్నాడు.

ఆదోని అన్న | శుక్రవారం, రాత్రి 9:15

మీరు చెప్పిన మాటలే కాగితం మీద రాసుకెళ్లి అడిగాను. పొద్దున్నే మానసిక వైద్య విభాగం నుంచి ఒక మేడం వచ్చారు. తమ్ముడితో విడిగా చాలాసేపు మాట్లాడి, నాలుక కింద మాత్ర పెట్టించారు. మధ్యాహ్నానికి వణుకు తగ్గింది. సాయంత్రం అమ్మ తెచ్చిన ఉగ్గాని తిన్నాడు. వెళ్లిపోతానన్న మాట ఈరోజు ఎత్తలేదు. క్షయ మందులు ఆపేశారు, కఫం పరీక్షలో ఏమీ లేదట.

ఇప్పుడు వేరే చిక్కులు మొదలయ్యాయి. మెడిసిన్ వారు మాత్ర సంగతి సైకియాట్రీని అడగమంటారు. సైకియాట్రీ వారు గుండె సంగతి మెడిసిన్‌ను అడగమంటారు. మోచేతి మీద చీముగడ్డకు సర్జరీ వారు వేరే. రక్తపరీక్షలో హెపటైటిస్ సీ ఉందన్నారు, దానికి ఇంకో గది. అన్ని గదులకూ చీటీలు పట్టుకుని తిరిగేది నేను ఒక్కడినే. నేను పనికి పోతే ఎవరు తిరగాలి? ఆదోని ఇక్కడికి దాదాపు 100 కిలోమీటర్లు.

పాత ఐసీటీసీ | శనివారం, ఉదయం 7:30

నేను హెచ్ఐవీ పరీక్షా కేంద్రంలో సలహాదారుగా పనిచేశాను. ఆదోని అన్న రాసిన చివరి పేరాలోనే అసలు జబ్బు ఉంది. మందు ఉంది, డాక్టర్లు ఉన్నారు, ఎకో ఉంది, మాత్ర ఉంది. గుంజలు నాలుగూ పాతి పైన వాసం వేయని పందిరిలా ఉంది వ్యవస్థ.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. అమెరికా, కెనడా వంటి చోట్ల కూడా ఇదే చూసి, గుండె వైద్యులు, ఇన్‌ఫెక్షన్ వైద్యులు, వ్యసన వైద్యులు, సర్జన్లు, సామాజిక కార్యకర్త కలిసి ఒకే రోగి గురించి ఒకేచోట మాట్లాడుకునే బృందాలు పెట్టుకున్నారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో ఇచ్చిన ప్రకటన కూడా ఈ రోగులకు అటువంటి బృందమే కావాలంది, వ్యసన చికిత్సను ఆ బృందంలో భాగం చేయమంది. వాళ్లకు డబ్బుంది, మనకు లేదంటారని తెలుసు. నేను అడిగేది డబ్బు కాదు.

క్షయకు మనం ఏం చేస్తున్నాం? రోగి పేరు నిక్షయ్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ క్షయ రిజిస్టరులో ఎక్కుతుంది. మందు మింగించే బాధ్యత ఒక మనిషికి అప్పగిస్తారు. ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది. తిండికని నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. రోగి రాకపోతే వెతుక్కుంటూ వెళ్తారు. నెలల తరబడి మందు వేయించే పద్ధతి మన చేతిలో ఎప్పటి నుంచో ఉంది. హెచ్ఐవీకీ అంతే, ఏఆర్‌టీ కేంద్రానికి (హెచ్ఐవీ మందులిచ్చే చోటికి) రాని మనిషి కోసం ఫీల్డు కార్యకర్త బయలుదేరుతాడు. సూది మత్తుతో గుండె పాడైన కుర్రాడు వార్డు నుంచి మాయమైతే మాత్రం రిజిస్టరులో "చెప్పకుండా వెళ్లిపోయాడు" అని రాసి మంచం ఇంకొకరికి ఇస్తాం.

అన్నా, వ్యవస్థ మారేదాకా మీరే ఒక పని చేయండి. ఒక తెల్లకాగితం మీద వరుసగా రాయండి: ఏ విభాగం, ఎవరు చూస్తున్నారు, ఏ మందు, తర్వాత ఎప్పుడు చూస్తారు, ఎవరిని అడగాలి. కేసు షీటు ముందు పెట్టించండి. ప్రతి డాక్టరూ రౌండ్స్‌కు వచ్చినప్పుడు అది చూస్తారు.

రాజ్‌విహార్ సెంటర్ | శనివారం, ఉదయం 8:45

కాగితం మంచి ఆలోచనే. మా నాన్నప్పుడు అలాంటిది ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఇంటికి వెళ్లాక ఎవరు చూస్తారు? ఆదోనిలో ఆ మాత్ర ఇచ్చేది ఎవరు?

పాత ఐసీటీసీ | శనివారం, ఉదయం 9:20

సరైన ప్రశ్న. దగ్గరలో ఆ మాత్ర ఇచ్చే కేంద్రం ఏదో డిశ్చార్జికి ముందే తెలుసుకోవాలి. మానసిక వైద్య విభాగాన్ని అడగండి, లేదా 1097కు ఫోను చేయండి, అది ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నంబరు. వ్యసన చికిత్సకు కేంద్ర ప్రభుత్వ నంబరు 14446, మనసు బాగాలేనప్పుడు టెలీ మానస్ 14416. మన రాష్ట్రంలో 1972 కూడా వినే ఉంటారు, అది పోలీసుల మత్తు నిరోధక విభాగం ఈగల్‌ది, అమ్మకాల సమాచారం ఇవ్వడానికి. చికిత్స కోసం మొదటి మూడింటిలో దేనికైనా చేయండి. దారి ఖర్చుల సంగతి నా దగ్గర జవాబు లేదు. మాత్ర కోసం వారం వారం కర్నూలు రావాలంటే హమాలీ కూలి పోతుంది, అది నిజం.

గండికోట గాలి | శనివారం, ఉదయం 11:05

రాత్రి ఎంఆర్ఐ తీశారు. వెన్నులో చీము ఉందన్నారు. తెల్లవారుజామున ఆపరేషన్ చేశారు. కాలివేళ్లు కదుపుతున్నారు. మళ్లీ రాస్తాను.

హంద్రీ ఒడ్డు | శనివారం, ఉదయం 11:20

వేళ్లు కదపడం మంచి కబురమ్మా. అక్కడి వైద్యులతో గుండెకు ఎకో కూడా చేయించమని చెప్పండి. క్రిమి రక్తంలో తిరిగి ఉంటే ఒక్క చోటే ఆగదు.

ఆదోని అన్న | ఆదివారం, సాయంత్రం 6:00

కాగితం పెట్టించాను. ఒక సిస్టరు చూసి తానే గీతలు కొట్టి బాగా రాసిచ్చారు. రక్తం కల్చర్ వచ్చింది, మామూలు మందులకు లొంగే స్టెఫ్ (స్టెఫైలోకాకస్) అట.

ఒక సందేహం. పొడవాటి సన్నని గొట్టం చేతికి పెట్టి, ఇంటి దగ్గరే ఎవరితోనైనా ఇంజెక్షన్ చేయించుకోవచ్చని పక్క మంచం వాళ్లు అంటున్నారు. అలా పంపుతారా? ఆరు వారాలూ ఇక్కడే తప్పదా?

హంద్రీ ఒడ్డు | ఆదివారం, రాత్రి 8:40

మీ వైద్య బృందమే నిర్ణయించవలసిన విషయం, మీరు అడగదగ్గ ప్రశ్నలు మాత్రం చెబుతాను.

కుడివైపు కవాటం మాత్రమే, మామూలు మందులకు లొంగే స్టెఫ్, గడ్డ చిన్నది, వేరే చోట చీము లేదు, మందుకు త్వరగా తగ్గుతోంది అయితే కొందరికి రెండు వారాల చికిత్సే చాలుతుందని యూరప్ మార్గదర్శకాలు అంటాయి. మీ తమ్ముడికి ఊపిరితిత్తుల్లో మచ్చలు, చేతి మీద గడ్డ ఉన్నాయి కాబట్టి ఆ కోవలోకి రాకపోవచ్చు. అడగండి.

ఇంటికి గొట్టంతో పంపడానికి వైద్యులు జంకుతారు, అతను అందులోనే మత్తు ఎక్కించుకుంటాడేమోనని. ఆ భయానికి కొంత ఆధారం ఉంది, కానీ నాలుక కింద మాత్ర మీద నిలకడగా ఉండి, ఇంట్లో తోడున్న మనిషి విషయంలో విడిగా ఆలోచించాలి. నాకైతే మీ ఇంటి దగ్గర గొట్టాన్ని శుభ్రంగా చూసే నర్సు ఎవరన్నదే పెద్ద ప్రశ్న. ఎవరితోనైనా అన్నారు చూడండి, ఆ మాట నాకు నచ్చలేదు.

మూడోది, కొన్నాళ్లు నరం ద్వారా ఇచ్చి తర్వాత నోటి యాంటీబయాటిక్ మాత్రలకు మార్చడం. డెన్మార్క్‌లో 400 మంది ఎండోకార్డైటిస్ (గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్) రోగులపై చేసిన పోయెట్ అధ్యయనంలో, నిలకడగా ఉన్నవారికి మాత్రలు కూడా నరం మందుకు తీసిపోలేదని తేలింది. అది ఎడమవైపు కవాటాలవారి మీద, సూది మత్తు వాడేవారు అందులో చాలా కొద్దిమంది. అయినా దారి ఉందని తెలుస్తుంది.

తోటి వైద్యులెవరైనా ఇది చదువుతుంటే వారికో మాట. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సూది మత్తు వాడుతూ తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లతో చేరిన 293 మందిని పరిశీలించి 2020లో ప్రచురించారు. చికిత్స మధ్యలో వెళ్లిపోతున్నవారికి నోటి యాంటీబయాటిక్ మాత్రలు ఇవ్వకుండా పంపితే మూడు నెలల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది తిరిగి చేరారు. మాత్రలు ఇచ్చి పంపినవారిలో మూడింట ఒక వంతే, అంటే చికిత్స పూర్తి చేసినవారితో దాదాపు సమానం. సంతకం పెట్టి వెళ్తున్నాడని కోపంతో ఖాళీ చేతులతో పంపకండి. మాత్రలు రాసివ్వండి, మళ్లీ రమ్మనండి, తలుపు తీసే ఉందని చెప్పండి.

దేవుని కడప | ఆదివారం, రాత్రి 9:30

డాక్టరు గారు చెప్పనిది ఒకటుంది. కొన్ని వారాలు మానేశాక ఒంటికి తట్టుకునే శక్తి పోతుంది. బయటికొచ్చి, ఒక్కసారే కదా అని పాత లెక్కలో ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోతుంది. నా స్నేహితుడు ఒకడు అలాగే పోయాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే. ఇంట్లో అందరికీ ఇది తెలియాలి. మనిషి లేపినా లేవక, గురక వింతగా వచ్చి, పెదవులు నీలంగా మారితే పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108. "నిద్రపోనీ" అని వదిలేయకండి.

నాలుక కింద మాత్రను కొన్ని నెలలు, అవసరమైతే ఏళ్లు వాడాలి. "ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చింది" అని చుట్టాలు సూటిపోటి మాటలంటారు. నన్నూ అన్నారు. బీపీ మాత్ర వేసుకునే మామయ్యను ఎవరూ ఏమీ అనరు.

అనంత సిస్టరమ్మ | సోమవారం, ఉదయం 6:50

డిశ్చార్జికి ముందు హెపటైటిస్ బీ టీకా మొదటి డోసు, ధనుర్వాతం సూది వేయించండి. హెచ్ఐవీ పరీక్ష ఇప్పుడు నెగిటివ్ వచ్చినా మళ్లీ చేయించాలి, ఈమధ్యే సోకి ఉంటే మొదటి పరీక్షలో దొరకకపోవచ్చు. డబ్బు సంగతికి వైద్యసేవ కౌంటరులో ఆరోగ్యమిత్రను కలవండి, ఆధార్, రేషన్ కార్డు దగ్గర పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా కవాటానికి ఆపరేషన్ అవసరమైతే ఆ కాగితాలు కావాలి. చాలామందికి కుడివైపు కవాటం మందులతోనే నయమవుతుంది, భయపడకండి.

ఆదోని అన్న | సోమవారం, మధ్యాహ్నం 1:15

చేయిస్తానమ్మా. తోడు సంగతి ఒక కొలిక్కి వచ్చింది, వారం నేను, వారం మా బావమరిది. దేవుని కడప అన్న వచ్చే ఆదివారం వచ్చి తమ్ముడితో మాట్లాడతానన్నారు. తమ్ముడికి చెబితే "ఆయనకు కూడా గుండెకేనా?" అని అడిగాడు. ఇన్నాళ్లలో వాడు ఒక మనిషి గురించి అడగడం ఇదే.

హెపటైటిస్ సీ మందు ఇప్పుడే మొదలుపెట్టాలా, ఈ యాంటీబయాటిక్ అయ్యాకా? ఖరీదెంత?

హంద్రీ ఒడ్డు | సోమవారం, రాత్రి 9:05

ఖరీదు లేదు. 2018 జులైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో పరీక్షలు, మందులు ఉచితం. మొదట వైరల్ లోడ్ పరీక్ష చేయాలి. యాంటీబాడీ పాజిటివ్ వచ్చినవారందరికీ ఒంట్లో వైరస్ ఉండదు, కొందరికి దానంతట అదే పోతుంది. వైరస్ ఉంటే మామూలుగా 12 వారాల మాత్రలు, పది మందిలో తొమ్మిది మందికి పైగా పూర్తిగా నయమవుతుంది.

ఎప్పుడన్నది మీ డాక్టర్లు చెబుతారు. క్షయ మందులు ఆపేశారన్నారు కదా, అయినా వాటిలోని రిఫాంపిసిన్ చివరిసారి ఏ తేదీన వేసుకున్నాడో మీ కాగితం మీద రాయండి. అది ఒంట్లో ఉండగా హెపటైటిస్ సీ మందు పనిచేయదు. వైరల్ లోడ్‌కు రక్తం ఏ రోజుల్లో తీసుకుంటారో రేపు ల్యాబ్‌లో అడగండి.